అక్క కట్టిన పెరుగు మూట

నా డైరీల్లో ఒకే ఒక్క పేజీని చీమలు తిన్నాయి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఏటా ఒకటి చొప్పున రాసిన డైరీలన్నీ బీరువాలో వరుసగా ఉన్నాయి. పురుగు పట్టకుండా వేపాకు వేసి, ఏడాదికి రెండుసార్లు ఎండలో పెడతాను. మొన్న అలా ఎండబెడుతుంటే ఒక దాంట్లో రెండు పేజీలు అతుక్కుని కనిపించాయి. మెల్లగా విడదీస్తే ఒక పేజీ మధ్యలో రూపాయి బిళ్లంత రంధ్రం, దాని అంచుల్లో జిడ్డు మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నాళ్ల తర్వాత కూడా పాత వెన్న వాసన లీలగా తగిలింది. అది మా కోడలు నిర్మల కేకుల మీద పూసే క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్. ఆ రోజు వేలికి అంటింది చూసుకోకుండా కలం పట్టినట్టున్నాను. రంధ్రానికి పైన "అక్క కంటికి చుక్కలు నాలుగుసార్లు" అని ఉంది. కింద "సాయంత్రం మబ్బు" అని ఉంది. మధ్యలో రాసింది చీమల కడుపులోకి పోయింది. మిగిలిన రోజులన్నీ భద్రంగా ఉండి, ఆ ఒక్క రోజే పోవడం నాకు నచ్చలేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను. కాని ఆ రోజు అర్థం కావాలంటే అక్క గురించి చెప్పాలి, అక్క గురించి చెప్పాలంటే మా ఇంటి పాల దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు కల్వకుర్తి దాటాక శ్రీశైలం రోడ్డు నుంచి కొంత లోపలికి ఉంటుంది. కొత్త జిల్లాలు వచ్చాక దాని జిల్లా పేరు మారింది కాని, నా చెయ్యి ఇప్పటికీ మహబూబ్‌నగర్ అనే రాస్తుంది. నేను రెండో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. బాలమ్మ అక్క నాకంటే పదేళ్లు పెద్దది. ఆమెను ఊళ్లోనే, మా వెనక వాడలోనే ఇచ్చారు. అత్తవారింటి పని ముగించుకుని పొద్దునా సాయంత్రం వచ్చి మా ఇంటి పని చేసేది. మాకు రెండు బర్రెలుండేవి. పెరటి మూల దాలిలో పిడకలు రాజేసి, దాని మీద పాలకుండ పెట్టి మూకుడు మూసేది. పొద్దంతా సన్నని సెగ మీద కాగి కాగి సాయంత్రానికి పాలు ఇటుక రంగుకు తిరిగేవి, పైన రొట్టె మందాన మీగడ కట్టేది. పిడకల పొగా, కాగిన పాలూ, తడి మట్టికుండా కలిసిన ఆ వాసన మా ఇంటికి ఒంటి వాసన లాంటిది. బడి నుంచి వస్తూ వాడ మలుపులోనే దాన్ని పట్టేవాణ్ని. తెల్లవారుజామున కవ్వం చప్పుడుకు మెలకువ వచ్చేది. అక్క తాడు లాగుతూ నాతో ఎక్కాలు అప్పచెప్పించుకునేది. ఆమెకు చదువు రాదు. నేను ఎక్కడ తడబడితే అక్కడ తాడు ఆపేది. తప్పు ఎలా తెలుసని అడిగితే, "నీ నోరు నీళ్లు నమిలింది గదా" అనేది.

పాలు పలగడం, అంటే విరగడం, మా ఇంట్లో చిన్న విషయం కాదు. ఎండాకాలంలో ఎప్పుడైనా కుండలో పాలు పలిగితే ఆ రోజు అక్క ముఖంలో నవ్వుండేది కాదు. ఆ పాలను బర్రెలకు పెట్టే కుడితిలో కూడా కలపనిచ్చేది కాదు. చిక్కుడు పాదులో పోసి మట్టి కప్పేది. పలిగిన పాలు ఇంట్లో ఉంటే బర్రె పొదుగు ఎండుతుందని ఆమె నమ్మకం. ఇక కావాలని పాలు పలగగొట్టేవాళ్లు ఉంటారని చెబితే నమ్మేది కూడా కాదు.

ఆమె చేతి పనితనమంతా శివరాత్రికి ముందు కట్టే పెరుగు మూటలో కనబడేది. నాయిన, ఆయన తోటివాళ్లు నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం పోయేవారు. దారిలో కలుపుకుని తాగడానికి అక్క గడ్డపెరుగు మూట కట్టి ఇచ్చేది. ఉతికిన పాత ధోతి గుడ్డను తడిపి, పెరుగులో ఉప్పు రాయి వేసి, నాలుగు కొసలు చేర్చి ముడి వేసి, నీళ్ల గోలేలుండే చల్లని మూల కొక్కేనికి వేలాడదీసేది. కింద గిన్నెలో నీళ్లు చుక్క చుక్క పడుతుంటే నాకు ఆగబుద్ధయ్యేది కాదు. ఒకసారి మూటను పిసికాను. అక్క నా చేతి మీద ఒక్కటి వేసి, "బరువు దానిదే, నీళ్లు దానియే. నడుమ నీ చెయ్యెందుకురా" అంది. తెల్లారి విప్పితే లోపల వెన్నలాంటి ముద్ద. అడవిలో నిమ్మకాయంత ఉండ నీళ్లలో కలిపితే నలుగురికి సల్ల, అంటే మజ్జిగ, అయ్యేదట. అయితే ఆ మూటకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ముడి వేస్తారో, విప్పగానే వాళ్లే ముందు నోట్లో వేసుకోవాలి. ఆ తర్వాతే ఎవరికైనా ఇవ్వాలి. ఎప్పుడో ఎవరింటి మూటో పాడై, నడిచేవాళ్లంతా అడవిలో వాంతులు చేసుకున్నారట. అప్పటి నుంచి మా ఊళ్లో ఆడవాళ్లు ఈ మాట దాటరు. అక్క ఉపవాసం ఉన్న రోజు కూడా మూట విప్పితే వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకునేది.

మా ఇంటి సల్లకు ఊళ్లో మంచి పేరుండేది. చిలికిన పొద్దు ఎవరొచ్చినా అక్క లేదనేది కాదు. ఊరి చివర నుంచి వచ్చే ఆడవాళ్లు తమ ముంతలు అరుగు కింద పెట్టి వెనక్కి జరిగేవారు. అక్క అరుగు మీద నిలబడి, చెంబు ముంతకు తగలకుండా పైనుంచి పోసేది. ఆమె ఇంట్లో లేనప్పుడు నేనూ పోశాను. అలాగే పోశాను. దాన్ని ధర్మం అనుకున్నాను, గర్వపడ్డాను కూడా.

తర్వాత నాకు పాలను చల్లబరిచే కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ముప్పై మూడేళ్లు పాలు పరీక్షించాను. క్యాను మూత తీయగానే ముందు ముక్కు, తర్వాత లాక్టోమీటరు, ఆ తర్వాత వెన్న శాతం. మరిగిస్తే పలిగే పాలను వెనక్కి పంపడం నా పని. అంటే అక్క చిక్కుడు పాదు దగ్గర చేసిందే నేను సర్కారు కాగితం మీద చేశాను. అక్కడ నాకు ఒక విషయం అర్థమైంది. పరీక్ష అయ్యాక అన్ని వాడల పాలూ ఒకే పెద్ద తొట్టిలో పోసేవాళ్లం. ముంతలు దూరంగా పెట్టించిన ఊళ్లే మర్నాడు ఆ తొట్టి పాలతో చాయ్ తాగేవి. బర్రెలు వట్టిపోయినప్పుడు మా అక్క కూడా తాగేది. ఈ మాట ఆమెతో అనాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అనలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు మా అబ్బాయి శేఖర్ నిర్మలను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ షాద్‌నగర్‌లో ఒకే బడిలో పనిచేసేవారు. నిర్మల వాళ్లది కొల్లాపూర్ దగ్గర ఊరు, క్రైస్తవులు. తాత కూలి, తండ్రి బస్సు కండక్టరు. అప్పటికే నా భార్య లేదు. నేను కాదనలేదు. అక్క కూడా పెళ్లికి వచ్చింది, చీర పెట్టింది, పిల్ల చక్కగా ఉందన్నది. కాని అన్నం తినలేదు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా పండ్లు తినేది, లేకుంటే తన సంచిలోని అటుకులు తినేది. నిర్మల చేతి నీళ్లు కూడా ముట్టలేదు. వరుసకు నిర్మల ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. ఆమె మాత్రం "శేఖర్ పెండ్లాం" అనేది. నిర్మల ఒక్కసారి కూడా నన్ను ఏమీ అడగలేదు. నేను ఆ రోజుల్లో డైరీలో "అక్క వచ్చింది. పండ్లు తిన్నది" అని మాత్రం రాసేవాణ్ని. రాసినదంతా నిజమే. రాయనిది నా పిరికితనం.

ఒక ఎండాకాలం అక్కకు మహబూబ్‌నగర్ దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది. పదిహేను రోజులు పొయ్యి దగ్గరికి పోవద్దు, తలకు నీళ్లు పోసుకోవద్దు, చుక్కలు తప్పొద్దు అన్నారు. ఊళ్లో ఆమె కొడుకూ కోడలూ పత్తి కట్టె పీకే పనుల మీద ఉన్నారు. ఆమెను షాద్‌నగర్ తీసుకొచ్చాను. శేఖర్ ఆ పక్షం పరీక్ష పేపర్లు దిద్దే పని మీద ఇంట్లో లేడు. ఇప్పుడు ఆమె తనకు తాను వండుకోలేదు, నిర్మల వండితే తినదు. పదిహేను రోజులు అటుకుల మీద ఉండదు. అందుకని నేనే వండటం మొదలుపెట్టాను. కొలగ్లాసు పెట్టి బియ్యం కొలిచాను, గడియారం చూసి పప్పు దించాను.

"తమ్మీ, గీ పప్పుల ఉప్పు గూడ మిషిన్ల జూసి ఏసినవా?" అంది మొదటి పూట.

"ఏం, తక్కువైందా?"

"తక్కువ లేదు, ఎక్కువ లేదు. దవాఖాన మందు లెక్కున్నది."

కంటి చుక్కలు వేసేది నిర్మల. బడి నుంచి వచ్చి చేతులు కడుక్కుని, అక్క గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచి, రెప్ప కిందికి లాగి చుక్క వేసేది. అక్క చిన్నపిల్లలా నోరు తెరుచుకుని పడుకునేది. కళ్ల మీద ఆ చేతిని నమ్మిన మనిషి కంచం దగ్గర ఎందుకు నమ్మదో నాకు అంతుబట్టలేదు. నిర్మల వంటింట్లో తినేసి వచ్చాక నేను అక్కకు వడ్డించేవాణ్ని. ఇల్లు ప్రశాంతంగానే ఉండేది. కాని నిర్మల ఆ వారం నవ్వడం తగ్గించిందని నాకు తెలుసు. ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతూ, తలెత్తకుండానే, "మామయ్యా, పెద్దమ్మ ఒక్క పూట తింటే చాలు. ఇంగ నేనేం అడుగ" అంది. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

నిర్మల బడి పనితో పాటు ఇంట్లో కేకులు చేసి ఇస్తుంది. ఆ వారమే వాళ్ల చర్చిలో ఒక నిశ్చితార్థానికి క్యారెట్ కేకు చేస్తానని ఒప్పుకుంది. దాని మీద మామూలు తీపి క్రీము నప్పదట. పుల్లగా, ఉప్పగా, తియ్యగా ఉండే క్రీమ్ చీజ్ పూత కావాలట. డబ్బా కావాలంటే హైదరాబాద్ పోవాలి, తెచ్చేసరికి ఎండకు నీరుగారుతుంది. ఇంట్లోనే చేద్దామని పాలు కాగబెట్టి, నిమ్మకాయ పిండింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ముప్పై మూడేళ్లు పలిగిన పాలను వెనక్కి పంపిన వాణ్ని, నా ఇంట్లో నా కళ్లముందే పాలు ముక్కలు ముక్కలైతే, 'వెనక్కి' అని రాయడానికి అలవాటుగా జేబులో కలం వెతుక్కున్నాను. ముందు గదిలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న అక్కకు వాసన చేరింది.

"తమ్మీ, పాలు పలిగినయారా?"

"పలగలేదక్కా. పలగగొట్టింది."

"కావాలెనని?" అక్క అద్దాలు తీసేసింది. "పండసొంటి పాలు పలగగొట్టుడేందే. గట్ల చేస్తే బర్రె ఏమైతదో ఎరికేనా?"

"ప్యాకెట్ పాలు పెద్దమ్మా" అంది నిర్మల లోపల్నుంచి. "గా బర్రె యాడుందో మనకెర్కలే."

అక్కకు నవ్వు వచ్చింది కాని ఆపుకుంది. నిర్మల పలిగిన పాలను గుడ్డలో వేసి, త్వరగా ఆరాలని గట్టిగా పిండింది. మిక్సీలో వేసింది. రవ్వ రవ్వగా వచ్చింది. వేడి ఆరకముందే వెన్నలో, పొడి చేసిన చక్కెరలో కలిపింది. వెన్న కరిగింది. కేకు మీద పూస్తే తడి గోడకు కొట్టిన సున్నంలా జారి పళ్లెంలోకి దిగింది. అక్క లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"గిదేం పూత, వాకిట్ల అలుకు సల్లినట్టున్నది."

"రేపు మాపటికి ఇయ్యాలె పెద్దమ్మా. నాకు ఏం తోస్తలేదు" అంది నిర్మల. జారిన పూతను చెంచాతో మళ్లీ పైకి ఎత్తబోయింది.

అక్క కాసేపు ఆ పళ్లేన్నే చూసింది. పాడైన పనిని చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. "పుల్లగ, మెత్తగ, గట్టిగ ఉండాలె, గంతే గదా. దానికి పాలెందుకు పలగగొట్టుడు? పెరుగు లేదా ఇంట్ల?" అంది.

ఫ్రిజ్‌లో చిక్కటి పాలతో నిర్మల తోడు వేసిన గడ్డపెరుగు ఉంది. అక్క కుర్చీలో కూర్చుని చెబుతుంటే నిర్మల గుడ్డ తడిపింది, ఉప్పు వేసింది, ముడి వేసింది. ముడి జారింది. మళ్లీ వేస్తే మళ్లీ జారింది. "ఇటు తే" అని అక్క మూట అందుకుని తనే బిగించి కట్టింది. ఫ్రిజ్‌లో ఎత్తైన గిన్నె ఒకటి పెట్టి, దాని మీద అడ్డంగా ఉంచిన గరిటెకు మూట వేలాడదీశాం. నిర్మల దాన్ని తాకబోతే అక్క నాకు చెప్పిన మాటే ఆమెకూ చెప్పింది, అదే గొంతుతో. నా చేతి మీద అరవై ఏళ్ల కిందటి దెబ్బ మళ్లీ పడ్డట్టనిపించింది.

తెల్లారి ఆదివారం. మూట దిగేదాకా అక్క హుషారుగా పాత సంగతులు చెబుతూ ఉంది. శివరాత్రి మూటలు, వాటి కట్టుబాటు, అడవిలో సల్ల. "మా ఇంట్ల సల్లకొస్తే ఎవ్వల్నీ లేదన్లే నేను. ఊరి శివరోళ్లకు గూడ కడుపు నిండ పోసిన" అంది.

నిర్మల క్యారెట్ తురుముతోంది. తురమడం ఆపకుండానే అంది: "మా అవ్వ గూడ పోయేదట పెద్దమ్మా, వాళ్లూర్ల. సల్ల కమ్మగుంటుండెనట. కాకుంటే గంత పైకెళ్లి పోస్తే కాళ్ల మీద చిట్లుతుండెనట. ఇంటికొచ్చినంక ముందుగాల కాళ్లే కడుక్కునేదట."

నిందగా అనలేదు. వాళ్ల అవ్వ సంగతిగా చెప్పింది. అక్క చీర కుచ్చెళ్లు తన పాదాల మీదికి లాక్కుంది. అప్పుడు నేను మాట్లాడాలి. ఆ తొట్టి సంగతైనా చెప్పాలి. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.

పది గంటలకు నిర్మల మూట తీసి పళ్లెంలో పెట్టి ముడి విప్పింది. తెల్లగా, గుడ్డ మడతల అచ్చు పడిన ముద్ద. చెంచాతో కొంచెం తీసి, "పులుపు సరిపోయిందో లేదో నాకెర్కలే పెద్దమ్మా" అంది. అని ఆగిపోయింది. ముడి వేసింది అక్క. రుచి చూడవలసింది ఎవరో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. నిర్మల చెంచా ముందుకు చాపనూ లేదు, వెనక్కి తీసుకోనూ లేదు. అక్క ఆ ముద్ద వంక చూసింది, నిర్మల వంక చూసింది. తర్వాత చేయి చాపి, చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నాలుక అంగిలికి ఆనించి చాలాసేపు ఉంది.

"ఉప్పు జర తక్కువైంది" అంది చివరికి. "చక్కెర ఏస్తవు గదా, పడ్తది తియ్."

నిర్మల తల తిప్పుకుని బీటరు అందుకుంది. ముందు వెన్న, చక్కెర నురగలా వచ్చేదాకా కొట్టి, ఆపైన చల్లటి ముద్దను కొంచెం కొంచెం చేర్చింది. ఈసారి జారలేదు. గిన్నె బోర్లించినా కదలలేదు. అక్క గిన్నె అంచును వేలితో తుడిచి మళ్లీ రుచి చూసింది, నన్నూ చూడమంది. నా వేలికి అంటింది అదే.

ఆ మధ్యాహ్నం అక్క నిర్మల వండిన అన్నం తిన్నదని రాయాలనుంది. తినలేదు. నా పప్పే తిన్నది. మూడో రోజు కంచం ముందు కూర్చుని, "తమ్మీ, నీ మందు ఇంగ నాతోని కాదు" అని, వంటింటి వైపు చూసి, "నువ్వేమొండినవే" అని అడిగింది. బెండకాయ పులుసు అంది నిర్మల. అది తిన్నది. ఉన్నన్నాళ్లూ తిన్నది. ఊరికి పోయే రోజు బస్టాండులో నాతో మెల్లగా, "ఊర్లె చెప్పకు. ఎందుకొచ్చిన లొల్లి" అంది. నేను సరేనన్నాను. నిర్మల విననట్టే ఉంది, కాని విన్నది.

ఇప్పుడు అక్క ఇంట్లో బర్రెలు లేవు. దాలి ఉన్న చోట మోటరు సైకిలు పెడుతున్నారు. కవ్వం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో మాత్రం వారానికి రెండు మూటలు వేలాడతాయి. డబ్బా చీజ్ కంటే ఇదే బాగుందని కేకులు తీసుకుపోయేవాళ్లు నిర్మలను అడిగి మరీ చేయించుకుంటారు. నేను ఫ్రిజ్ తెరిచి ఉష్ణోగ్రత చూసి రాసుకుంటాను, ఎవరూ అడగకపోయినా. అప్పటి వాసన పోయిందని నాకు బెంగ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆ వాసనతో పాటే ఆ అరుగు కూడా వస్తుందంటే మాత్రం నాకు వద్దు.

కిందటేడు అక్క మునిమనవరాలి పుట్టువెంట్రుకలకు అందరం ఊరికి పోయాం. ఇంటి ముందు టెంటు వేసి బంతులు కూర్చోబెట్టారు. చుట్టాలంతా ఉన్నారు. నిర్మల ఎప్పటిలాగే, ఆ చంటిపిల్లను ఎత్తుకుని ఒక పక్కన నిలబడింది, ఆఖరి బంతికి ఎవరూ చూడకుండా తిందామని. అక్క మొదటి బంతిలో కూర్చుంటూ ఆమెను చేయి ఊపి పిలిచి, తన పక్క విస్తరి చూపించింది. నిర్మల వచ్చి కూర్చుంది. వడ్డించే వదిన ఒకామె గిన్నె పట్టుకుని ఆగి, "అక్కా, ఆ పిల్లకు లోపట పళ్లెంల పెట్టిస్త తియ్" అంది. పక్క విస్తర్ల వాళ్లు ఇటు తిరిగారు.

"పళ్లెమెందుకు? విస్తరి ఏసిండ్రు గదా" అంది అక్క. "నీకు ఎర్కలేదు గాని, పదిహేను రోజులు దీని చేతి కూడే తిన్న. ముందుగాల దానికి పెట్టు, ఎండల పడి వచ్చింది."

ఆమె పెట్టింది. బంతి మళ్లీ మామూలుగా సాగింది. ఎవరూ లేచి పోలేదు. ఎదురు వరుసలో ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు, తర్వాత అన్నం చల్లారుతుందని తినసాగారు. నిజానికి అక్క తిన్నది పదిహేను రోజులు కాదు, తొమ్మిది రోజులే. నేను దిద్దలేదు. నిర్మల పచ్చిపులుసు రెండుసార్లు అడిగి పోయించుకుంది.